ఫ్రీవీల్ చప్పుడు

ప్రియమైన అమ్మాయి వాళ్ళ అమ్మకు,

క్షేమం. మూడో మజిలీ చేరాం. అమ్మాయి, అల్లుడు, మనవరాలు సైకిళ్ళ మీద కొండలెక్కుతున్నారు. నేను పానాలు పట్టుకుని సామాను వ్యానులో వస్తున్నాను. సాయంత్రం మూడు సైకిళ్ళూ చూసిపెట్టడం నా పని.

ఒక చిక్కొచ్చింది. అమ్మాయి వ్యాను మీద నాలుగో సైకిలు కట్టి తెచ్చింది. నాకట. ఆఖరి కనుమ మీదికి వ్యాను రాదు, చుట్టు తిరిగి పోతుంది. నలుగురం తొక్కుకుంటూ దాటాలంటోంది. నలభై ఏళ్ళు సైకిళ్ళు బాగుచేసినవాడికి తొక్కడం రాదని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? రోజూ తెల్లవారగానే వెనక చక్రం నట్టు నేనే వదులు చేసి, రిపేరు కాలేదంటున్నాను.

ఐదో మజిలీకి ఉత్తరం రాయి. అక్కడ కొన్నాళ్ళు ఆగుతాం.

ఉంటాను,
నీ షాపాయన

ప్రియమైన షాపాయనకు,

ఊళ్ళో అందరి సైకిళ్ళూ చిటికెలో బాగుచేస్తారు, మీ సైకిలు మాత్రం మూడు రోజులైనా బాగవదు! అల్లుడు నమ్ముతాడేమో. అమ్మాయి మీ షాపులో పెరిగిన పిల్ల.

రోజూ సైకిలు నడిపించుకుంటూ ఇంటికొస్తారు. వెనక చక్రంలోని ఆ ఫ్రీవీల్ టిక్ టిక్ వినే నేను పొయ్యి మీద నీళ్ళు పెడతాను. బండంటే ప్రాణం, అందుకే ఎక్కకుండా నడిపిస్తాడని జనం అంటారు. నేనూ కాదనలేదు. ఇంక చాలు. నిజమైనా చెప్పండి, లేదా నేర్చుకోండి. మోకాలి నొప్పని మాత్రం అనకండి, అది నాది.

మీ ఇంటిది

ప్రియమైన ఇంటిదానికి,

నీ ఉత్తరం అందేలోపే పట్టుబడ్డాను.

అమ్మాయి నట్టు మీద వేలు పెట్టి చూసింది. పానా అడిగి రెండు పెడళ్ళూ ఊడదీసింది, సీటు దించింది. "ఇప్పుడు తొక్కే పనే లేదు నాన్నా. కూర్చుని కాళ్ళతో నేలను తోస్తూ రండి" అంది. నేను తలెత్తలేదు.

బస వెనక గడ్డిపల్లం ఉంది. మూడు పొద్దులు తోశాను. రెండుసార్లు పడ్డాను, మోచెయ్యి గీరుకుంది. అల్లుడు అటు తిరిగి టైర్లకు గాలి కొడుతూనే ఉన్నాడు. నిండిన టైర్లకే. మంచివాడు.

నిన్న రెండు కాళ్ళూ నేల మీంచి లేచాయి. పల్లం చివరిదాకా దిగలేదు. ఇవాళ అమ్మాయి పెడళ్ళు మళ్ళీ బిగించింది. వచ్చే ఆదివారం కనుమ. భయంగా ఉంది. నాకు తొక్కడం రాదని అమ్మాయికి నువ్వు చెప్పావా?

నీ షాపాయన

ప్రియమైన మీకు,

నేను చెప్పలేదు. దానికి ఏడేళ్ళప్పుడు, వానలో తడుస్తూ సైకిలు నడిపించుకొస్తున్న మిమ్మల్ని కిటికీలోంచి చూసి, "నాన్న ఎందుకు ఎక్కడు?" అని అడిగింది. నేను పొయ్యి మీద నీళ్ళు పెట్టడానికి లేచాను. అది మళ్ళీ అడగలేదు. ఇంతదూరం ఎందుకు తీసుకెళ్ళిందో ఇప్పుడు తెలుస్తోంది నాకు.

భయమేస్తే దిగి నడిపించండి. నడిపించడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరు. పైకి చేరేటప్పుడు మాత్రం ఎక్కి ఉండండి.

మీ ఇంటిది

ప్రియమైన నీకు,

దాటాం.

నిటారు దారిలో రెండుచోట్ల దిగి నడిపించాను. మనవరాలూ దిగి నా పక్కన నడిచింది. చివరి మలుపులో ఎక్కాను. చొక్కాలో గాలి దూరింది. పైన హద్దురాయి కనబడగానే ముగ్గురూ బ్రేకులు పట్టి వెనకే ఆగిపోయారు. ముందు నా చక్రమే దాటింది.

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. గాలికి మండుతున్నాయంది. నేనూ అదే అన్నాను.

బుధవారం వస్తాం. మన వీధి మొదట్లో వ్యాను దిగి తొక్కుకుంటూ వస్తాను. టిక్ టిక్ కోసం చెవులు రిక్కించకు. తొక్కేటప్పుడు ఫ్రీవీల్ చప్పుడు చెయ్యదు. బెల్లు కొడతాను, గుమ్మంలోకి రా.

నీ షాపాయన