జనవరి నాటి పొట్ట

రేపల్లె,
10-6-1991

ఫిల్మ్‌నగర్‌లో ఉంటున్న సత్యనారాయణమూర్తి బావగారికి, మడమలు రెండూ జోడించి నిలబడి వీరరాఘవయ్య చేస్తున్న నమస్కారాలు.

మీ డాక్టరు రాసిన కాగితం నకలు చేరింది. రక్తంలో చక్కెర రెండు వందల నలభై, బరువు ఎనభై ఎనిమిది కిలోలు, పది మెట్లెక్కితే ఆయాసం. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్ మాష్టారుగా చేసినవాణ్ణి. ఇలాంటి ఒళ్ళు నాకు కొత్త కాదు. వరసలో ఆఖర్న నిలబెట్టేవాణ్ణి.

మా చెల్లాయి పుష్పవల్లి పోయి నాలుగు నెలలైంది. మీకు పిల్లలు లేరు. ఆ బండరాళ్ళ మధ్య ఒక్కరూ ఉండి, చేసుకున్నదేదో తిని, కుర్చీలోంచి లేవకుండా ఎన్నాళ్ళుంటారు? అందుకని గడువు పెడుతున్నాను. దీపావళిలోగా రోజుకు నాలుగు మైళ్ళ నడక అలవాటు చేసుకుని, బరువు డెబ్బై అయిదుకు దించి, డాక్టరు సంతకంతో కాగితం పంపండి. పంపితే మీ ఇంట్లో మీరుండండి. పంపలేదా, పండగ మర్నాడు లారీ తీసుకుని వస్తాను. మీ కోసం ఇక్కడ వీధి గదికి సున్నం కూడా వేయించాను.

వ్యాయామ పట్టిక జత చేశాను. నడిచేటప్పుడు తల ఎత్తాలి. ఊపిరి ముక్కుతోనే. చేతులు భుజం ఎత్తు దాకా ఊగాలి, ముందు ఎడమది. పుష్పవల్లికి ఏడో ఏట మా స్కూలు మైదానంలో నేనే నేర్పాను. ముప్పై రెండేళ్ళు పక్కనుండి అది మీకు నేర్పలేకపోయిందంటే, లోపం పాఠం చెప్పినవాళ్ళది కాదు.

మీ ఆరోగ్యానికి కాపలాదారు,
వీరరాఘవయ్య

తా.క.: పట్టికలో పన్నెండో అంశం తలకిందులుగా నిలబడడం. అది ఇప్పుడే మొదలుపెట్టకండి. లారీతో పని లేకుండా పోతుంది.


ఫిల్మ్‌నగర్,
24-6-1991

బావగారికి నమస్కారం.

పట్టిక అందింది. మొదలుపెట్టాను.

మొదటిరోజు మా వీధిలో రెండో కరెంటు స్తంభం దాకా వెళ్ళాను. ఇక్కడ నేల అంతా ఎత్తే. దిగేటప్పుడు కూడా ఎక్కుతున్నట్టే ఉంటుంది. జూబ్లీ హిల్స్‌లో ఏదో బంగళాకు పోతున్న కారు ఆగింది. ఎక్కడ దించమంటారని డ్రైవరు అడిగాడు. ఎక్కాను. మా ఇంటి ముందే దించాడు.

అయిదో రోజుకు మూడో స్తంభం చేరాను.

రేపల్లె రాను. ఈ వంటింట్లో డబ్బాల మీద పుష్పవల్లి చేతిరాత ఉంది. కందిపప్పు అని రాసినదాంట్లో మినప్పప్పు ఉంటుంది. నాకు ఏది ఎక్కడుందో తెలిసిన వంటిల్లు ఇదొక్కటే.

నిన్న రోడ్డు మీద ఒక మనిషి అడ్డం నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. పేరు ఓదెలు, కృష్ణానగర్‌లో ఉంటాడు. సినిమాల్లో కంటిన్యూటీ చూస్తాడు. అంటే ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మధ్య ఎవరి చొక్కా గుండీ కూడా మారకుండా కాపలా కాయడం. నన్ను చూసి, "సార్, మీరే గదా. ఆర్నెల్ల సంది మీ కోసం దేవులాడుతున్న" అన్నాడు.

జనవరిలో ఈ వీధిలో ఒక సీను తీశారట. హీరో, హీరోయినూ గేటు దగ్గర పోట్లాడుకుంటుంటే వెనక రోడ్డు మీద నడుస్తూ నేను అందులో పడ్డానట. ఒక వైపు నుంచి తీయడం అయ్యాక హీరో కాలు విరిగింది. ఇప్పుడు రెండో వైపు నుంచి తీయాలి. అదే చొక్కాతో వచ్చి అలాగే నడవమన్నాడు. కుదరదన్నాను. జేబులోంచి ఆ రోజు ఫోటో తీసి చూపించాడు.

కాసేపు చూశాను. ఒప్పుకున్నాను.

మీ
సత్యనారాయణమూర్తి

తా.క.: నీలం గళ్ళ చొక్కా. జనవరిలో కింది గుండీ పట్టలేదు. ఇప్పుడూ పట్టడం లేదు. ఓదెలు చాలా సంతోషించాడు.


రేపల్లె,
30-6-1991

బావగారికి, విచారంతో వీరరాఘవయ్య నమస్కారాలు.

నేను నడవమంటే మీరు వేషం కడుతున్నారు. ఇంజనీరింగు చదివి, కాలవలు తవ్వించి, గౌరవంగా రిటైరైన మనిషి, యాభై తొమ్మిదో ఏట ఎవడో ఫోటో చూపించగానే ముఖానికి రంగు వేసుకుంటాడా? మీ ఫోటో చూసి మీరే అంత మురిసిపోయారంటే నాకు నమ్మశక్యంగా లేదు. మీ పెళ్ళి ఫోటోలోనే మీరు బాగా లేరు.

నేను 1958లో ఒక హాల్లో నల్లులు కుట్టిన తర్వాత సినిమా గడప తొక్కలేదు. చెల్లాయికి మాత్రం పిచ్చి ఉండేది. మీరు తీసుకువెళ్ళేవారు కాదని ఎప్పుడో ఒకసారి అంది. ఇప్పుడు మీకెందుకు?

ఎన్ని మైళ్ళు నడిచారో రాయండి. మిగతాది అనవసరం.

నిరాశపడని
వీరరాఘవయ్య

తా.క.: సున్నం వేసిన గదికి కిటికీ రంగు ఏది వేయించమంటారు?


ఫిల్మ్‌నగర్,
18-7-1991

బావగారికి నమస్కారం.

మైళ్ళు చెప్పడం కష్టం. నడిచేది ఇరవై గజాలు. రోజుకు యాభైసార్లు.

కారణం ఎండ. సీను జనవరిలో మొదలైంది కాబట్టి జనవరి ఎండ కావాలట. ఇక్కడ ఆషాఢపు మబ్బు. పొద్దున్నే ఆరున్నరకు అందరం వస్తాం. ఎండ వచ్చేలోపు రిహార్సలు. తొమ్మిదింటికి మబ్బు చూసి అందరూ వెళ్ళిపోతారు. నేను ఇంకా ఊపిరి ఉంటే జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు వైపు ఒక చుట్టు తిరిగి వస్తాను. ఇరవై ఆరు రోజులైంది. బరువు ఎనభై మూడు.

మీ పద్ధతికీ వాళ్ళ పద్ధతికీ తేడాలున్నాయి. మీరు ముక్కుతో ఊపిరి తీయమన్నారు. జనవరిలో నేను నోరు తెరిచి రొప్పాను కాబట్టి అలాగే రొప్పాలని ఓదెలు అంటాడు. ఇప్పుడు రొప్పు రావడం లేదు. నటిస్తున్నాను. పదకొండో అడుగు దగ్గర ఆగి, వంగి, ఎడమ చెప్పు పట్టుకోవాలి. జనవరిలో అలా చేశానట.

కిటికీకి రంగు వద్దు.

మీ
సత్యనారాయణమూర్తి

తా.క.: జనవరి షాట్‌లో ఒక కుక్క కూడా ఉందట. దాన్నీ వెతికి పట్టుకున్నారు. దానికి ఈమధ్యే పిల్లలు పుట్టాయి. నా పొట్ట మారలేదు గాని దాని పొట్ట మారిందని ఓదెలు దిగులు పడుతున్నాడు.


రేపల్లె,
24-7-1991

బావగారికి నమస్కారాలు.

ఇరవై గజాలు యాభైసార్లు తిరగడాన్ని మా శాస్త్రంలో నడక అనరు. మా డ్రిల్లులో చెప్పు పట్టుకునే అంశం కూడా లేదు. ఇక్కడ మా కాంపౌండరుకు మీ ఉత్తరం చదివి వినిపించాను. పేరు చెప్పలేదు. రోజూ ఒకే చొక్కా, ఒకే చోట తిరగడం, పదకొండో అడుగుకు వంగడం, లేని ఆయాసం తెచ్చుకోవడం, ఇవన్నీ విని ఆయన మెల్లగా, రోగికి ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు.

నాకు ఆ పూట అన్నం సయించలేదు. బావగారూ, కోపంతో రాయడం లేదు. వచ్చేయండి.

వీరరాఘవయ్య

తా.క.: అయిదు కిలోలు తగ్గారన్నది నిజమే అయితే, ఏ కాటా మీద?


ఫిల్మ్‌నగర్,
10-8-1991

బావగారికి నమస్కారం.

నా బుర్ర బాగానే ఉంది. కాటా డాక్టరుగారిది. బరువు డెబ్బై తొమ్మిది.

దీనితో ఇక్కడ చిక్కు వచ్చింది. గుండీ పడుతోంది. ఓదెలు నిన్న చేతులు పట్టుకుని, "సార్, జర తగ్గుడు ఆపుండ్రి. షాటు అయినంక మీ ఇష్టం" అన్నాడు. రోజూ జిలేబీ తెస్తున్నాడు. నేను తినను. కుక్కకు పెడుతున్నాం. దాని పొట్ట ఇప్పుడు సరిగ్గా జనవరిలో ఉన్నట్టు ఉందట. నాకు మాత్రం చొక్కా లోపల చిన్న తలగడ కట్టారు.

నా ముందు శ్యామలాదేవి అనే ఆవిడ నడుస్తుంది. కృష్ణానగర్‌లో ఉంటుంది. ఇలా వెనక నడిచే వేషాలే వేస్తుంది. మొహం కనబడదు. ఆకుపచ్చ చీర, ఆవపిండి రంగు అంచు కావాలన్నారు. వాళ్ళు తెచ్చిన మూడు చీరల్లో ఏదీ కలవలేదు. మన బీరువాలో ఉంది. బీరువా తీయడానికి నాలుగు రోజులు పట్టింది. ఇచ్చాను.

ఉతికి ఇమ్మంటారా అని ఆవిడ అడిగింది. ఉతకవద్దన్నాను.

మీ
సత్యనారాయణమూర్తి

తా.క.: శ్యామలాదేవి నడక సరిగ్గా లేదు. చేతులు ఊపదు. నేను నేర్పుతున్నాను. మీ పట్టిక పనికి వచ్చింది.


రేపల్లె,
16-8-1991

సత్యనారాయణమూర్తిగారికి.

మీ ఉత్తరం రాకముందే మధురానగర్ నుంచి మా పిన్ని కూతురు అనసూయమ్మ రాసింది. ఆటోలో వెళుతూ తన కళ్ళతో చూసిందట. చెల్లాయి చీర కట్టుకున్న ఎవరో ఆవిడ ముందు నడుస్తుంటే, మీరు పొట్ట పట్టుకుని వెనక నడుస్తున్నారట. ఆగి పలకరించబోతే ఎవరో గొట్టంలోంచి అరిచి పక్కకు తప్పుకోమన్నారట.

ఆ చీర చీరాలలో నేను కొన్నది. మా మనవరాలి బారసాలకు చెల్లాయికి పెట్టాను. అంచు రంగు నేనే ఎంచాను. మీరు ఎవరితో నడిచినా అడిగే హక్కు నాకు లేదు. మగవాడు ఒక్కడూ ఉండడం కష్టమని నాకూ తెలుసు. కానీ ఆ చీర ఇవ్వడానికి మీకు చేతులెలా వచ్చాయి? పైగా చేతులు ఊపడం నేర్పుతున్నానని నాకే రాస్తారా? అది నేను మా చెల్లాయికి నేర్పిన నడక.

దీపావళి దాకా ఆగను. లారీ మాట్లాడాను. తేదీ రాయండి.

వీరరాఘవయ్య

తా.క.: తలగడ సంగతి అనసూయమ్మకు తెలియదు. అందువల్ల మన బంధువుల్లో సగం మంది మీకు జలోదరం అనుకుంటున్నారు. మిగతా సగం మంది పెళ్ళి అనుకుంటున్నారు. రెండు సగాలూ పరామర్శకు వస్తాయి.


ఫిల్మ్‌నగర్,
25-8-1991

బావగారికి నమస్కారం.

పందొమ్మిదో తేదీ ఉదయం ఏడూ పదికి ఎండ వచ్చింది. నాలుగు నిమిషాలు ఉంది. షాట్ తీశారు.

చీర తిరిగి వచ్చింది. బీరువాలో పెట్టాను.

ఎందుకిచ్చానో ఇప్పుడు రాయను. ఎడిటింగులో ఆ సీను పోయినా పోవచ్చని ఓదెలు అన్నాడు. పోతుందేమో అన్నదాని మీద మీకు ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. బొమ్మ అక్టోబరులో వస్తుంది, తెనాలిలో ఆడుతుంది. సీను ఉందని తెలిస్తే మీకు కార్డు రాస్తాను. వెళ్ళి చూడండి. అందరూ గేటు దగ్గర హీరోని చూస్తారు. మీరు వెనక రోడ్డు చూడండి.

చూశాక కూడా లారీ తేవాలనిపిస్తే తెండి. మారు మాట్లాడకుండా ఎక్కుతాను.

మీ
సత్యనారాయణమూర్తి

తా.క.: ఎండ వచ్చిన రోజు కుక్క రాలేదు. జిలేబీ ఎక్కువై ఇంటి దగ్గర పడుకుంది.


రేపల్లె,
29-10-1991

బావగారికి, కూర్చుని రాస్తున్న వీరరాఘవయ్య నమస్కారాలు. నిలబడే శక్తి లేదు.

మీ కార్డు అందిన రోజునే రైలెక్కి తెనాలి వెళ్ళి మ్యాటినీ చూశాను. నల్లులు తగ్గలేదు.

గేటు దగ్గర హీరో అరుస్తున్నాడు. నేను వెనక రోడ్డు చూశాను. ముందు చెల్లాయి చీరలో ఒకావిడ, మొహం అటు తిప్పుకుని వెళ్ళింది. మీ శ్యామలాదేవి. కోపంతో కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. హీరో ఇటు తిరిగాడు. రోడ్డు రెండో వైపు నుంచి కనబడింది. అదే చీర. ఎడమ చెయ్యి భుజం ఎత్తుకు లేచింది.

బావగారూ, చీరాల చీరలు ఎన్నయినా ఉంటాయి. ఆ చెయ్యి ఒక్కటే ఉంది.

అది జనవరిలో తీసింది. మా చెల్లాయి. నడిచి వస్తోంది. ఓదెలు చూపించిన ఫోటోలో మీ ముందు ఉన్నది తనేనని నాకు అప్పుడు తెలిసింది. ఆ వాక్యం ఒక్కటీ రాయడానికి మీకు సిరా చాలలేదు. తెలియక నేను ఏమేమో అన్నాను. ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. పెళ్ళి ఫోటో గురించి అన్నది తప్ప.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. వెనకవాడు కూర్చోమన్నాడు. మా చెల్లాయి అన్నాను. హీరోయినా అన్నాడు. కాదు, వెనక నడిచే ఆవిడ అన్నాను. వాడు కూడా వెనకే చూశాడు. తన తర్వాత మీరు, పొట్ట, గళ్ళ చొక్కా. మీరు ఆగి చెప్పు పట్టుకున్నారు. తను వెనక్కి తిరిగి మిమ్మల్ని చూసి నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. అంతలో హీరో తల అడ్డం వచ్చింది. ఆ తల మీద నాకు చాలా కోపంగా ఉంది.

మూడు ఆటలు చూశాను. లారీ వద్దన్నాను. వీధి గదిలో వడ్లు పోయించాను. డాక్టరు సంతకం మాత్రం పంపండి. నియమం నియమమే.

ఒక్కటి అర్థం కాలేదు. తను అంతగా ఎందుకు నవ్వింది?

మీ
వీరరాఘవయ్య

తా.క.: శ్యామలాదేవిగారి కుడి చెయ్యి ఇంకో రెండంగుళాలు లేవాలి. మిగతా అంతా బాగుందని చెప్పండి.


ఫిల్మ్‌నగర్,
6-11-1991

బావగారికి నమస్కారం.

సంతకం జత చేశాను. బరువు డెబ్బై నాలుగు. చక్కెర నూట నలభై.

ముప్పై రెండేళ్ళలో పుష్పవల్లితో నేను నడకకు వెళ్ళింది ఆ ఒక్కరోజే. పదకొండు అడుగులకే ఆయాసం వచ్చింది. చెప్పు తెగిందని చెప్పి వంగాను. తెగలేదు. ఆమెకు తెలుసు. అందుకే నవ్వింది.

ఇప్పుడు నాలుగు మైళ్ళు నడుస్తున్నాను. ఎక్కడా ఆగడం లేదు.

మీ
సత్యనారాయణమూర్తి

తా.క.: చెప్పులు అవే. ఇవాళ ఎడమది నిజంగానే తెగింది, మూడో మైలు దగ్గర. చేత్తో పట్టుకుని మిగతా మైలు నడిచాను.