ముందే పడిన ఆమేన్

ఏమండీ,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ అత్తయ్య, బావగారు, అక్క, నేను, అందరం క్షేమం. ఓడలో మీకు కూడా వేళకి తిండి, నిద్ర దొరుకుతున్నాయని తలుస్తాను.

అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాళ్ళు కాస్త నయం. వంటింటి కప్పు కారడం ఆగింది, బావగారే పైకెక్కి రేకు సర్దారు. నా అక్షరాలు ఇంతింత లావుగా ఉంటున్నాయేమని ఎగతాళి చేశారుగా, రాయడానికి కబుర్లు లేక కాగితం నింపుతున్నాననుకోండి.

ఇక చివర్లో రాశారే, "వదినలా నువ్వూ కాస్త ప్రార్థనలో నిలబడు" అని, అది చదివి నా ఒళ్ళు మండిపోయింది. సముద్రం మీదున్న మనిషికి కూడా నా తోడికోడలు అక్క ప్రార్థనే గుర్తొచ్చిందన్నమాట!

నేనేమన్నా ఖాళీగా కూర్చున్నానా? తెల్లారకముందే లేచి మోకరిస్తున్నాను. శుక్రవారం ఉపవాసం ఉండి కూడా చొక్కాల షాపులో పొద్దస్తమానం కాజాలు కుడుతున్నాను. కానీ నిజం చెప్పనా? మోకరించానన్న మాటేగాని, నా చెవులు మాత్రం పక్కగదిలోనే. అక్క లేచిందా, ఏడుస్తూ చేస్తోందా, ఇంకా ముగించలేదా అని. ఆవిడ నాకంటే ముందు లేచిందంటే చాలు, ఆ రోజంతా ముఖం మాడ్చుకుని తిరుగుతాను. దేవుడితో రెండు ముక్కలు మాట్లాడిందెప్పుడో నాకే గుర్తు లేదు.

సాయంత్రం కుటుంబ ప్రార్థన సంగతి మీకు తెలుసుగా. అక్క మొదలుపెట్టిందంటే జబ్బుపడ్డవాళ్ళు, పాస్టరుగారు, ఓడలో మీరు, పక్కింటి పిల్లల పరీక్షలు, ఏదీ వదలదు. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ "స్తోత్రం, స్తోత్రం" అంటుంటే నాకు లోపల కుతకుత. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగగానే గట్టిగా "ఆమేన్!" అనేస్తాను. అలవాటుకొద్దీ అత్తయ్య, బావగారు కూడా అనేస్తారు. ఇంకేముంది, అందరూ లేచి కంచాల దగ్గరికి! అక్క కూడా చాప చుట్టి లేస్తుంది.

మొన్న ఆదివారం నాకు జలుబు చేసి గొంతు పూర్తిగా పట్టేసింది. అక్క ఎప్పటిలాగే కాస్త ఆగింది. నేను నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. అక్క మళ్ళీ అందుకుంది.

"ప్రభువా, ఆఖర్న నా చెల్లి. ఎప్పుడూ దాని దగ్గరికి వచ్చేసరికే ప్రార్థన అయిపోతోంది. తండ్రీ, దానికి కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. వాక్యం చదవమంటే, కంఠతా వచ్చిన కీర్తనే మళ్ళీ మళ్ళీ అప్పజెబుతోంది. మాతో చెప్పుకోలేకపోతోంది. కాజాలు వంకరపోతే షాపులో ఎన్ని మాటలు పడుతోందో. దాని కళ్ళు నువ్వే కాపాడు."

అత్తయ్య కళ్ళు తెరిచి నావైపే చూస్తోంది. నేను తల దించుకున్నాను.

అవునండీ, మీ దగ్గర దాచింది ఇదే. అక్షరాలు లావుగా రాసేది కాగితం నింపడానికి కాదు, సన్నగా రాస్తే నాకే కనబడవు. మీరు కంగారుపడి పని వదిలేసి వస్తారని చెప్పలేదు. ఇన్నాళ్ళూ నేను తెగ్గొట్టింది నా కోసం చేయబోయే ప్రార్థననేనని తెలిశాక సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా బుద్ధి చూడండి! నా కళ్ళ సంగతి కూడా దేవుడికి నాకంటే ముందు ఈవిడే చెప్పేసిందే అని అప్పుడు కూడా కుళ్ళుకున్నాను.

అక్క ముగించింది. అందరూ ఆమేన్ అన్నారు. మనసారా అనాలనిపించిన ఆ ఒక్కరోజే నాకు గొంతు లేదు.

రేపు అక్కే నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. అక్కడ బెంచీ మీద కూర్చోగానే ప్రార్థన మొదలుపెడుతుంది, నాకు తెలుసు. నా గొంతు బాగైపోయింది. అయినా సరే, ఎంత పొడుగు చేసినా, ఆవిడ ముగించేదాకా నోరు మెదపను.

ఇట్లు,
మీ కుళ్ళుబోతు ఇల్లాలు