కోత పండుగకు కడిగిన ఉల్లిగడ్డలు

ఏవండీ,

మెట్ల కింద గోనెసంచిలో ఉల్లిగడ్డలు కుళ్ళు వాసన వేస్తున్నాయి. రాగానే బయటికి తీసి వరండా నీడలో పాత చాప మీద ఒకదానికొకటి తగలకుండా పరచండి. మెత్తబడ్డవి ఈ రాత్రికే కూరలో వేసుకోండి. మళ్ళీ ఆలుగడ్డలతో కలపవద్దు. మడిలో మిగిలినవాటికి నీళ్ళు పోయవద్దు. ఆకులు వాటంతటవే వాలాక పీకాలి, కాడ పూర్తిగా ఎండాకే కోయాలి.

మీరు చర్చిలో కోత పండుగకు నాలుగు మంచివి ఏరడానికి అన్నింటినీ కడిగారు, పచ్చి కాడలు కోసేశారు. ఇదేమిటని నేనడిగితే, “బల్ల మీద మెరవాలె గదా, బ్యూలా” అన్నారు. మిగిలినవి తడితోనే సంచిలో పోశారు. కడిగిన ఉల్లిగడ్డ నిలవదు. ముందే అడిగి ఉంటే చెప్పేదాన్ని.

పంట తెచ్చినవాళ్ళలో పాస్టరుగారు మీ పేరు చదివారు. పక్కింటి షెకీనా వాళ్ళమ్మ, “గింత మంచిగ ఎట్ల పండించిన్రు, బ్రదర్?” అని అడిగితే, “జెర ఓపిక ఉండాలె, సిస్టర్” అన్నారు. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. నారు పోసింది, కలుపు తీసింది, నడుము పట్టేసి పడుకున్నది నేను.

కాప్రాలో అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఆదివారం దాకా రాను.

బ్యూలా

ఇంకొకటి. ఉల్లిగడ్డలు ఎట్లా నిల్వ చేయాలో చెప్పమని షెకీనా వాళ్ళమ్మ నన్నడిగారు. మిమ్మల్నే అడగమన్నాను, ఆమె సాయంత్రం మనింటికి వస్తారు. పైన రాసింది చదివి చెప్పండి. నా పేరు చెప్పనక్కర్లేదు, మీకు అలవాటే.