గిడ్డయ్య గారి గొంతును సెల్లుల నుండి విడిపించుట గురించి

కోయిలకుంట్ల మండల తహసీల్దారు గారి సముఖమునకు
తేది: 10-3-2009

అయ్యా,

విషయం: తిరునాళ్ళలో మా ఊరి నాటకమునకు బదులు పద్యనాటకం సీడీ వేయుటను ఆపించుట, నటుడు గిడ్డయ్య గారి వీడియోను చెరిపించుట.

1. గిడ్డయ్య గారు నలభై ఏండ్లుగా హరిశ్చంద్రుడై కాటిసీను ఆడుచున్నారు. ఎంత నటుడైనా ఒకనాడు పద్యంలో పాదం మరచుట సహజము. మా వైపు అప్పుడు జనమే అందిస్తారు. అందరికీ పద్యాలు నోటికి వచ్చు. నటుడు అందుకుంటాడు, ఈలలు పడతాయి. దాన్ని ఎవరూ తప్పనరు.

2. మొన్న శివరాత్రి నాటకంలో ఆయన రెండో పాదం దగ్గర ఆగినారు. ఒక్కరూ అందించలేదు. అందరి చేతుల్లో సెల్లులు. నోరు తెరిస్తే తమ గొంతు రికార్డులో పడుతుందని ఊపిరి బిగబట్టినారు. కాటికర్ర పట్టుకొని ఆయన దిక్కులు చూసిన ఆ నిమిషమును ఇప్పుడు సెల్లు అంగట్లో పాటలతో పాటు అందరి సెల్లుల్లోకి ఎక్కిస్తున్నారు. ఆయన దోవన పోతే పెట్టి నవ్వుతున్నారు. ఆ దినం నుండి ఆయనకు మాట లేదు. కూతురు కృష్ణవేణమ్మ "నాయనా, నన్ను తిట్టన్నా తిట్టు" అని కాళ్ళు పట్టుకొన్నా పలకలేదు.

3. తిరునాళ్ళ కమిటీ పెద్ద నాగసుబ్బయ్య గారిని అడుగగా, "గిడ్డయ్య మరిచిపోతాడప్పా, సీడీ మరిచిపోదు. తెర కట్టి వేస్తాండాం. నీ కరపత్రాలు యాడన్నా చదువుకోపో" అన్నారు. నిజమే, సీడీ మరచిపోదు. దానికి అందించే పని జనానికి ఉండదు. ఆ పని పోయిన జనం సభ ఎట్లవుతుంది? మంద అవుతుంది! వినిమయ సంస్కృతి అని ఆ కరపత్రాల్లోనే చదివినాను గానీ, అది చెప్పులతోనే మా నాటకం అరుగెక్కుతుందని అనుకోలేదు.

కావున వీడియోను అంగట్లో చెరిపించి, ఆదివారం తిరునాళ్ళలో గిడ్డయ్య గారే ఆడునట్లు కమిటీకి ఉత్తర్వు ఇవ్వవలెను. వచ్చినవారి సెల్లులు గంపలో వేయించి బంట్రోతును కాపలా పెట్టవలెను. ఆయన మళ్ళీ ఆగినా సరే, మేము అందిస్తాం. ఈసారి అరుగు ఎక్కకపోతే ఆయన ఇంక ఎక్కరు. ఇందుకు సెక్షను లేదని మాత్రం జవాబు రాయవద్దు.

ఇది చిత్తగించి, ఆదివారం లోపల కదలవలెను.

తమ విధేయుడు, కోపం తగ్గనివాడు,
గోపన్న

తా.క.: పుస్తకం పట్టుకొని తెర పక్కన నిలబడి పాదం అందించే పని నాది. ఆ పూట కొత్త సెల్లుతో జనంలోకి వచ్చి ఆ వీడియో తీసింది నేనే. ఆయన గొంతు పదికాలాలు ఉండాలని తీసినాను. ఒక్క స్నేహితునికి పంపితే ఊరంతా పాకింది. పాదం నా నాలుక మీదే ఉండింది. నా గొంతు పడుతుందని నేనూ నోరు తెరవలేదు. తెర వెనక్కి వచ్చి, అక్కడికి ఉరికిన నన్ను చూసి ఆయన, "యాడికి పోయినావురా గోపన్నా?" అన్నారు. ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.