పవన్‌కుమార్ గారి ఇత్తడి బోర్డు

భవానీపురం, జూన్ 2

ఆస్పత్రి ఆఫీసు ఉషశ్రీ మేడమ్ గారికి, బోర్డుల షాపు జీవరత్నం నమస్కారాలు.

మీ ఆస్పత్రిలో ఏదైనా రాసే పంపాలన్నారుగా, అందుకే ఈ ఉత్తరం. డాక్టర్ పవన్‌కుమార్ గారి ఇత్తడి బోర్డు రెడీ అండీ. "సర్జన్" అన్న మాట గన్నవరం విమానంలోంచి కూడా కనపడుద్ది. ఎప్పుడు తగిలించమంటారు? మా ఆవిడ హన్నాకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. ఆపరేషనంటే వణికిపోతోంది. మీ దగ్గరే చేయిద్దామనుకుంటున్నా.

మీ జీవరత్నం

తా.క. సమాధి రాయికైతే బాప్టిజం కాగితం చూడందే ఉలి పట్టనండీ. బతికున్నోళ్లకి ఏం రాయమంటే అది రాసేస్తా. తప్పుంటే వాళ్లే వచ్చి తిడతారుగా!

జూన్ 5

జీవరత్నం గారికి,

బోర్డు మీ దగ్గరే ఉంచండి. మా నియమావళి ప్రకారం కొత్త డాక్టరు సర్టిఫికెట్లు నిజమేనని ఆయన చదివిన కాలేజీ చెప్పాలి. తర్వాత కమిటీ కూర్చుని ఏ ఆపరేషన్లు చేయవచ్చో రాసివ్వాలి. అప్పటిదాకా పేరు తగిలించకూడదు.

ఇట్లు, ఉషశ్రీ

తా.క. నియమావళి ఎనభై పేజీలు. మొత్తం చదివింది నేనొక్కదాన్నే.

జూన్ 10

మేడమ్ గారూ, దండాలండీ.

మీరు చెప్పకపోయినా నాకర్థమైంది. ఇరవై ఏళ్ల సర్వీసు నాది. బోర్డు ఆపండి, పెద్దోళ్లు కూర్చోవాలి అన్నారంటే ముహూర్తం కుదర్లేదనే. మేం చర్చికెళ్లేవాళ్లం కదా, ముహూర్తమంటే ఏమనుకుంటామోనని కమిటీ అన్నారు! పక్క షాపు రత్తయ్య గారి చేత పంచాంగం చూపించి, ఈ పొద్దున మంచి ఘడియలో డాక్టరు గారి గది తలుపుకి బిగించేశా. ఆయన చూసి నవ్వారు. హన్నాకి చూపించా. "ఇంత పెద్ద బోర్డున్నాయన చేతిలో నాకేమవుద్దిలే" అంది. ఎల్లుండి చేర్పిస్తున్నా.

జీవరత్నం

తా.క. కొబ్బరికాయ రత్తయ్య గారు కొట్టారు, ప్రార్థన నేను చేశా. రెండు పక్కలా గట్టి చేశామండీ.

జూన్ 12, కాలేజీ ఆఫీసు నుంచి

జీవరత్నం గారికి,

కాలేజీకి రాసిన ఉత్తరానికి జవాబు రాకపోతే, తొమ్మిదిన బయల్దేరి నేనే ఇక్కడికి వచ్చాను. పవన్‌కుమార్ అనే మనిషి ఇక్కడ సర్జరీ చదవనే లేదు. బోర్డు చెరిపేయండి. సోమవారం వచ్చి ఫైలు మూసేస్తాను.

ఉషశ్రీ

తా.క. మీ పనితనం వృథా అయింది, క్షమించండి. బోర్డు మీ షాపులోనే ఉండటం మన అదృష్టం.

జూన్ 21

మేడమ్ గారికి,

ఈరోజే షాపు తెరిచా. షట్టరు కింద మీ ఉత్తరం ఉంది. హన్నా పదమూడున ఆపరేషన్ థియేటర్లోకెళ్లింది, పదహారున పోయింది. ఆ డాక్టరు ఫోన్ తీయట్లేదు. అసలాయన్ని ఎలా చేయనిచ్చారని మీ థియేటర్ వాళ్లనడిగా. "తలుపుకి బోర్డుందిగా. కమిటీ ఒప్పుకోకుండా తగిలిస్తారా?" అన్నారు.

పోలీసులకి మొత్తం చెప్పా. బిగించిందెవరో కూడా.

జీవరత్నం

తా.క. రాయి నేనే చెక్కుతున్నా. హన్నా బాప్టిజం కాగితం తెప్పించి రెండుసార్లు సరిచూసుకున్నా.