తుడిస్తే పోని దుమ్ము

చెల్లె చిలకమ్మకు, నీ అన్న హనుమాండ్లు అమీర్‌పేట నుంచి.

నాది ఆఫీసులో దుమ్ము తుడిచే నౌకరి అని మీ ఆయన నలుగురిలో అన్న మాట పన్నెండేండ్లయినా నేను మరవలేదు. ఈ కార్డు బావకు చదివి వినిపించు. నీ కొడుకు సాయిలు క్షేమం. వాడు పనిచేసే ఓడ మస్కట్ రేవులో ఆగి ఉందని నిన్న వాని టెలిగ్రాం నాకు వచ్చింది.

వాని ఉత్తరం లేదు, తుఫానేమో, అన్నం పోతలేదు అని నువ్వు రాసినప్పటి నుంచి నాకూ బుగులే. మా పంజాగుట్ట ఆఫీసుకు శాటిలైటు తీసిన సముద్రం ఫోటోలు వస్తాయి. శనివారం ఒకదాని మీద తెల్లగా దుమ్ము కనబడితే గుడ్డ పెట్టి గట్టిగా తుడిచాను. పోలేదు. మా ఆఫీసరు లతీఫా మేడం చూసి నవ్వింది.

"ఎంత తుడుస్తవ్ హనుమాండ్లు భాయ్? గది అరబ్బు ఎడారి దుమ్ము. గాలికి సముద్రం మీదికి వచ్చింది. ఏ రోజు ఎంత దూరం పోయిందో మేం గీత గీస్తున్నం" అన్నది.

"తుఫాను కాదా అమ్మా?" అన్నాను.

"తుఫానైతే సుడి తిరుగుతది. గిది చాప పరిచినట్టుంది. దారి కనబడక ఓడలు ఆగుతయ్, గంతే. ఫికర్ చెయ్యకు" అన్నది.

టెలిగ్రాంలోనూ అదే ఉంది. దుమ్ము తగ్గినాక కదులుతారట.

బర్రె ఈనిందా? మామిడి తొక్కు మిగిలితే పంపు. పిల్లలకు దీవెనలు. కడుపునిండా తిన్నానని నువ్వు, అప్పుడన్న మాట తప్పు అని బావ, ఇద్దరూ ఒకే కార్డు మీద రాసి వచ్చే శుక్రవారానికి నాకు అందేటట్టు వెయ్యండి.