శుక్రవారం ఎడారికి వచ్చేముందు

అక్కా,

శుక్రవారం మా సఫారీ లిస్టులో బావ ఆఫీసు వాళ్ల పేర్ల కింద నీ పేరు చూశాను. ఫోన్లో చెబితే ఏడుస్తావని రాస్తున్నాను.

పొద్దున కొంచెమే తిను. దిబ్బలు రాగానే బండి ఇసుకలో దిగబడకుండా డ్రైవర్ టైర్లలో గాలి తీస్తాడు, పంక్చరని భయపడకు. ముందు సీట్లో కూర్చో, కడుపులో తిప్పదు. ఇసుక కొడుతుంది, చున్నీ తలకు చుట్టుకో.

మధ్యాహ్నం గుడారంలో గావా పోస్తారు, అరబ్బుల కాఫీ. పాలు, చక్కెర ఉండవు. ఖర్జూరం కొరుక్కుంటూ తాగాలి. చాలనుకుంటే ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపకపోతే పోసేవాడు మళ్లీ మళ్లీ వస్తాడు.

ఆ పోసేవాణ్ని నేనే. డ్రైవర్‌నని ఇంట్లో చెప్పింది అబద్ధం. తెల్లటి పొడుగు చొక్కాలో, తలకు రుమాలుతో ఉంటాను. గుర్తుపట్టి, "తమ్మీ, గిదేంది, గిట్లయినవ్!" అని అరవకు. ఆఫీసు వాళ్ల ముందు బావ చిన్నబోతాడు. ఆయన మొహం అలా అయితే నాకూ మండుతుంది.

సీజన్లో మాకు సెలవు ఉండదు. శనివారం నువ్వు ఇంటికి విమానం ఎక్కుతావు. నిన్ను చూసి నాలుగేళ్లయింది, అక్కా. పక్కన కూర్చుని మాట్లాడే వీలు లేదు.

అందుకే ఒక్కటే అడుగుతున్నాను. కప్పు తొందరగా ఊపకు.

నీ తమ్ముడు